కట్టలో లేని కాగితం: ఒక కేసు ఫైలును ఏఐతో నడిపిన అనుభవం

బయటివాళ్లకు వకీలంటే కోర్టులో నిలబడి వాదించే మనిషి. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు, మా పనిలో ముప్పాతిక మువ్వీసం చదవడమేనని. అగ్రిమెంట్లు, మెయిళ్లు, ఇన్‌వాయిసులు, పాత తీర్పులు. ఏఐ వచ్చి చెయ్యి పెట్టింది సరిగ్గా అక్కడే. ఈమధ్య ఒక కాంట్రాక్టు తగాదాను, నోటీసు అందిన దగ్గర్నుంచి జవాబు పంపేదాకా, మా ఆఫీసులో ఏఐ సాయంతో నడిపాం. అది ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చిందో రాస్తున్నాను. కక్షిదారు ఎవరో పోల్చుకోవడానికి వీల్లేకుండా వివరాలు మార్చాను.

ఆయన యంత్రాల విడిభాగాలు చేసే చిన్న కంపెనీ యజమాని. ఒక పెద్ద కొనుగోలుదారుకు ఏళ్ల తరబడి సరుకు పంపుతున్నారు. ఉన్నట్టుండి అవతలివాళ్లు ఆఖరి బిల్లులు ఆపేసి లీగల్ నోటీసు ఇచ్చారు. సరుకు గడువు దాటి వచ్చింది, అగ్రిమెంటు ప్రకారం జాప్యానికి పెనాల్టీ కోసుకుంటే మేం మీకు ఇవ్వాల్సింది ఏమీ మిగలదు, పైగా మీరే మాకు బాకీ అని దాని సారాంశం.

ఆయన నోటీసుతో పాటు ఇంకో నాలుగు కాగితాలు కూడా పట్టుకొచ్చారు. "చాట్‌బాట్‌ని అడిగాను సార్, కేసు మనదేనంటోంది" అని మా సీనియర్ ముందు పెట్టారు. కాగితాలు ముచ్చటగా ఉన్నాయి. పాయింట్ల వారీగా వాదన, కింద రెండు తీర్పులు. నేను వెతికి చూస్తే ఒక తీర్పు అసలు ఎక్కడా లేదు. రెండోది ఉంది గానీ దానికీ సరుకు సరఫరాకూ ఏ సంబంధమూ లేదు.

ఈ రోజుల్లో ఇది వింతేం కాదు. కక్షిదారులు ముందే అడిగి రావడాన్ని నేను తప్పుపట్టను కూడా. తన అగ్రిమెంటులో ఏముందో మామూలు మాటల్లో తెలుసుకుని వచ్చిన మనిషితో మాట్లాడటం నాకు తేలిక. మా సీనియర్ మాత్రం జవాబు జోలికి పోలేదు. "మీరు దాన్ని ఏమని అడిగారు?" అన్నారు. ఆయన ఫోన్ తీసి చూపించారు. మూడో ప్రశ్న ఇది: "నిజానికి రెండు లోడ్లు మేం ఆలస్యంగానే పంపాం, అది బయటపడకుండా జవాబు ఎలా రాయాలి?"

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

వకీలుతో కక్షిదారు చెప్పుకున్న మాటలకు చట్టం రక్షణ ఇస్తుంది. చాట్‌బాట్‌తో చెప్పుకున్నదానికి అలాంటి రక్షణ ఉందని ధీమాగా ఉండటానికి లేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2025 జులైలో ఒక పాడ్‌కాస్ట్‌లో తనే ఈ మాట చెప్పారు. అంతకు రెండు నెలల ముందు ఆ కంపెనీ మీద న్యూయార్క్ టైమ్స్ వేసిన కాపీరైట్ కేసులో అమెరికా కోర్టు ఒకటి, వాడేవాళ్లు డిలీట్ చేసిన సంభాషణలతో సహా చాట్‌జీపీటీ రికార్డులను భద్రపరచమని ఆదేశించింది. ఆ ఆదేశం కొన్ని నెలలకు తొలగింది గానీ, డిలీట్ కొడితే పోయిందనుకోవడం ఎంత అమాయకత్వమో దాంతో తెలిసొచ్చింది.

"ఇప్పుడు కంగారుపడి చెరిపేయకండి, తగాదా మొదలయ్యాక చెరిపితే అదో కొత్త తంటా" అన్నారు సీనియర్. "ఆలస్యమైందన్న సంగతి దాచడం మన పని కాదండీ. ఎందుకైందో చెప్పుకోవడం మన పని. ఇక మీదట ఏది అడగాలన్నా మమ్మల్ని అడగండి."

ఆయనకు చెప్పిన జాగ్రత్త మాకూ వర్తిస్తుంది కదా. మేం వాడదలచుకున్న టూల్ ఒప్పందాన్ని నేనే కూర్చుని చదివాను. మేం ఎక్కించిన కాగితాలు ఎక్కడ నిలవ ఉంటాయి, వాటితో మోడల్‌కు శిక్షణ ఇస్తారా, కేసు ముగిశాక చెరిపేస్తారా, వాళ్ల సిబ్బందిలో ఎవరు చూడగలరు, అన్నవి చూశాను. శిక్షణకు వాడుకోబోమని రాసి ఉన్న చోట కూడా "సేవలను మెరుగుపరచడానికి" అన్న మాట ఇంకో క్లాజులో దూరి ఉంది. దాన్ని తీసేయించాకే సంతకం పెట్టాం. వకీళ్ల వృత్తి నైతికత మీద అమెరికన్ బార్ అసోసియేషన్ 2024 జులైలో ఇచ్చిన 512వ అభిప్రాయం ఈ విషయంలో చదవదగ్గది. కక్షిదారు రహస్యాన్ని, ఎక్కించినవాటి నుంచి నేర్చుకునే టూల్‌లో పెట్టేముందు అతనికి విషయం వివరించి ఒప్పుకోలు తీసుకోవాలనీ, వకాలత్ ఒప్పందంలో ఎక్కడో ఒక మూసవాక్యం పెట్టి చేతులు దులుపుకుంటే చాలదనీ అందులో ఉంది. అది మా మీద చెల్లుతుందా లేదా అన్నది పక్కన పెడితే, పద్ధతి బాగుంది. మా కక్షిదారుకు అరగంట కూర్చోబెట్టి చెప్పాం. ఆయన శ్రద్ధగా విని, "నా పోటీదారులకు నా రేట్లు తెలియకపోతే చాలు" అన్నారు. ఆయనకు అసలు భయం ఏమిటో అప్పుడు తెలిసింది. రేట్లున్న కాలమ్‌లు మూసేసి ఎక్కించాం.

తర్వాత కట్ట. ఏళ్ల నాటి మెయిళ్లు, పర్చేజ్ ఆర్డర్లు, డెలివరీ చలాన్లు, అగ్రిమెంటుకు చేసిన సవరణలు. మునుపైతే ఇద్దరు జూనియర్లు వారాల తరబడి వీటి ముందు కూర్చునేవాళ్లు. టూల్ దాన్నంతా ఒక పూటలో చదివి తేదీల వరుసలో పెట్టింది. ఏ ఆర్డరు ఎప్పుడు వచ్చింది, గడువు ఎప్పుడు, సరుకు ఎప్పుడు చేరింది, ఎవరు ఎవరికి ఏం రాశారు. ప్రతి వరుస పక్కనా మూల కాగితానికి లింకు. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది.

మనుషులే చదివితే భద్రం, యంత్రం చదివితే ప్రమాదం అన్న మాట తరచూ వింటుంటాను. దాన్ని నేను నమ్మను. బ్లెయిర్, మారన్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లోనే, వకీళ్లకు తమ వెతుకులాట మీద ఉండే నమ్మకాన్ని పరీక్షించారు. దాదాపు 40,000 పత్రాలున్న ఒక కేసులో వకీళ్లు కంప్యూటర్లో పదాలిచ్చి వెతికించుకుని, కావలసినవాటిలో 75 శాతం దొరికాయని తృప్తిపడ్డారు. లెక్క తీస్తే దొరికినవి 20 శాతమే. కారణం చిన్నది. ఒకే సంఘటనను ఒకరు ప్రమాదమని రాశారు, ఇంకొకరు సమస్య అన్నారు, తప్పు తమ మీదికి రాకూడదనుకున్నవాళ్లు దురదృష్టకర పరిస్థితి అన్నారు. ఒక పదంతో వెతికితే మిగతావి వలలో పడవు. మాటను కాకుండా భావాన్ని పట్టే ఇప్పటి మోడళ్లు ఇక్కడ బాగా మెరుగు. కోర్టులు కూడా దీన్ని ఎప్పుడో ఒప్పుకున్నాయి. 2012లో డా సిల్వా మూర్ కేసులో, ముప్పై లక్షలకు పైగా ఎలక్ట్రానిక్ పత్రాలను జల్లెడ పట్టడానికి కంప్యూటర్ వర్గీకరణను వాడుకోవచ్చని న్యూయార్క్ మేజిస్ట్రేట్ జడ్జి ఆండ్రూ పెక్ అంగీకరించారు. చాట్‌జీపీటీ పుట్టడానికి పదేళ్ల ముందు మాట ఇది.

అయితే గుడ్డిగా వదిలేయడానికి లేదు. టూల్ "కేసుకు సంబంధం లేనివి" అని పక్కన పడేసిన గుట్టలోంచి కొన్నిటిని ఎంపిక లేకుండా లాగి మనం చదవాలి. వాటిలో పనికొచ్చేవి కనిపిస్తే వర్గీకరణ సరిగా లేదన్నమాట. ఈ పని మా జూనియర్‌కు ఇచ్చాను. ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే.

ఆ అమ్మాయి ఒక మెయిల్ ప్రింటు తీసుకుని నా గదికొచ్చింది. కొనుగోలుదారు మేనేజరు రాసిన రెండు ముక్కల మెయిల్. "డ్రాయింగులు పంపుతున్నాను. మిగతాది మొన్న అనుకున్నట్టే కానివ్వండి." అంతే. టూల్ దీన్ని "డ్రాయింగుల బట్వాడా, ప్రాముఖ్యం తక్కువ" అని పక్కన పెట్టింది. అందులో ఉన్నంతవరకు అది చెప్పింది తప్పేం కాదు.

"మేడమ్, మొన్న ఏమనుకున్నారు?" అంది మా జూనియర్.

కక్షిదారుకు ఫోన్ చేశాం. "ఓ అదా, డిజైన్ మారుస్తున్నాం, పాత గడువు గురించి కంగారు పడకండి, వచ్చే నెలాఖరుకు ఇచ్చినా ఫర్వాలేదు అన్నారు మేడమ్. ఫోన్లో అన్న మాటే కదా, కాగితం లేదు కదా అని చెప్పలేదు" అన్నారాయన తాపీగా. రెండు లోడ్లు ఆలస్యమైంది ఎందుకో అప్పుడు తేలింది. దాచుకోవాలని ఆయన తాపత్రయపడ్డ విషయమే ఆయనకు పెద్ద ఆసరా. ఆ మాట తర్వాత డ్రాయింగులు మారాయి, ఆ మార్పుల ప్రకారం ఆయన కొత్త అచ్చులు చేయించారు, ఆ రెండు లోడ్ల సరుకును అవతలివాళ్లు కిమ్మనకుండా దించుకున్నారు. ఇవన్నీ కట్టలో ఉన్నాయి. వాటిని కలిపే ముడి ఒక్కటే లేదు.

ఇక్కడ టూల్‌ను వెక్కిరించి వదిలేయడం న్యాయం కాదు. ఆ మెయిల్ చూశాక మేం దాన్ని వేరే ప్రశ్న అడిగాం: ఈ కట్టలో లేని సంభాషణనో, కాగితాన్నో, మీటింగునో ప్రస్తావించిన ప్రతి పత్రాన్నీ చూపించు. నిమిషాల్లో జాబితా ఇచ్చింది. ఫోన్లో చెప్పినట్టు, జతచేసిన షీట్ ప్రకారం, మీ సార్‌తో మాట్లాడాక, ఇలాంటివి బోలెడు. అందులో ఒకటి కక్షిదారు ఫోన్లో ఉన్న మెసేజ్ దాకా మమ్మల్ని తీసుకెళ్లింది. గడువు మార్పు గురించి అవతలి మేనేజరు స్వయంగా పెట్టిన మెసేజ్ అది. కనుక దానికి లేనిదాన్ని వెతకడం రాదని కాదు. వెతకమని ఎవరో ఒకరు చెప్పాలి. కాగితం చదువుతూ "మరి ఆ కాగితం ఏదీ?" అని అనుమానం పుట్టడం వకీలు బుర్రకు అబ్బిన అలవాటు. ఆ అలవాటు ఇలాంటి గుట్టలు చదివీ చదివీ వస్తుంది.

పరిశోధనకు వచ్చేసరికి మా ప్రశ్న స్పష్టంగా ఉంది. ఈ అగ్రిమెంటును రాతపూర్వకంగా తప్ప మార్చడానికి వీల్లేదని అందులోనే ఒక క్లాజు ఉంది. అలాంటప్పుడు ఫోన్లో ఇచ్చిన గడువుకు విలువుంటుందా?

కట్టుకథ తీర్పుల గురించి తెలియని వకీలు ఇప్పుడు ఉండడనుకుంటాను. 2023లో న్యూయార్క్‌లో ఒక విమాన ప్రయాణికుడి కేసులో వకీళ్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టులో దాఖలు చేశారు. అవి నిజమేనా అని దాన్నే అడిగితే నిజమేనంది, వీళ్లు నమ్మారు. జడ్జి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా వేశారు. 2025 జూన్‌లో లండన్ హైకోర్టు రెండు కేసులను కలిపి విచారించింది. వాటిలో ఒక బ్యాంకు మీద వేసిన కేసులో ఉదహరించిన 45 తీర్పుల్లో 18 అసలు లేనే లేవు. దాంట్లో నాకు బాగా గుచ్చుకున్న సంగతి వేరే ఉంది. ఆ పరిశోధన వకీలు చేసింది కాదు, కక్షిదారు చేసుకుని తెచ్చింది. వకీలు దాన్ని సరిచూడకుండా వాడుకున్నారు. మా కక్షిదారు పట్టుకొచ్చిన నాలుగు కాగితాలు గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను.

మోడల్ అబద్ధమాడాలని ఆడదు. తర్వాత ఏ మాట వస్తే అతుకుతుందో చూసి పేర్చుకుంటూ పోవడం దాని పద్ధతి. తీర్పు ప్రస్తావనకు ఒక వాలకం ఉంటుంది, వాది, ప్రతివాది, ఏడాది, సంపుటం, పేజీ. ఆ వాలకం దానికి బాగా పట్టుబడింది, కాబట్టి తీర్పు లేకపోయినా వాలకాన్ని అచ్చుగుద్దినట్టు దింపుతుంది. న్యాయ పరిశోధనకే ప్రత్యేకంగా తయారైన టూళ్లు ముందు అసలు తీర్పులను వెతికి తెచ్చుకుని, వాటి ఆధారంగా జవాబు రాస్తాయి. వీటిలో కట్టుకథలు తగ్గుతాయి, పోవు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో పరీక్షిస్తే ఇలాంటి టూళ్లు కూడా 17 నుంచి 33 శాతం జవాబుల్లో తప్పుదారి పట్టించాయి. తీర్పు నిజమైనదే అయి ఉంటుంది, అందులో ఓడిపోయిన వకీలు చేసిన వాదనను కోర్టు చెప్పిన మాటగా చూపిస్తుంది. లేని తీర్పుకంటే ఇది ప్రమాదం. లేనిది వెతికితే దొరకదు, అక్కడితో గుట్టు రట్టవుతుంది. ఇదేమో దొరుకుతుంది, పేరా కూడా ఉంటుంది.

మాకు ఎదురైంది దీనికి ఇంకో రకం. మా వాదనకు చక్కగా నప్పే ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తీర్పును టూల్ చూపించింది. 2016 నాటిది. రాతపూర్వకంగానే మార్చాలన్న క్లాజు ఉన్నా నోటిమాటతో ఒప్పందాన్ని మార్చుకోవచ్చని ఆ తీర్పు. అన్నీ నిజమే. కాకపోతే 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు, అదే రాక్ అడ్వర్టైజింగ్ కేసులో, ఆ తీర్పును కొట్టేసింది. దాన్ని పట్టుకుని వెళ్లి ఉంటే అవతలి వకీలు ఒక్క వాక్యంతో మమ్మల్ని కూర్చోబెట్టేసేవాడు. ఏ తీర్పు కనిపించినా ఆ తర్వాత దానికి ఏ గతి పట్టిందో చూడటం మా ఆఫీసులో పాత అలవాటు, అదే కాపాడింది. సుప్రీంకోర్టు తీర్పు మొత్తం చదివితే మాకు కావలసింది అందులోనే దొరికింది. క్లాజుకు కట్టుబడాల్సిందే, కానీ అవతలివాళ్ల మాట నమ్మి ఒకడు అడుగు ముందుకేశాక, మాట ఇచ్చినవాళ్లు క్లాజు అడ్డం పెట్టుకుని తప్పించుకోకుండా ఎస్టాపెల్ అనే న్యాయసూత్రం కాస్తుంది. దానికి చాలా గట్టి ఆధారం కావాలని కూడా ఆ తీర్పు చెబుతుంది. మెసేజ్, డ్రాయింగులు, కొత్త అచ్చుల ఖర్చు, కిమ్మనకుండా దించుకున్న సరుకు, మా దగ్గర ఉన్నవి అవే.

ఇప్పుడు మా ఆఫీసులో ఏ తీర్పు దాఖలు చేయాలన్నా ఒకరు దాన్ని కోర్టు రికార్డులోంచి తెరిచి, వాడుకునే పేరాకు ముందు రెండు, వెనక రెండు పేరాలు చదివి, మార్జిన్‌లో పొట్టి సంతకం పెట్టాలి. టూల్ సారాంశం మీద సంతకం చెల్లదు.

డ్రాఫ్టింగ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. జవాబు నోటీసు మొదటి ప్రతిని టూలే రాసింది, బాగానే రాసింది, మంచి మర్యాదస్తుల భాష. ఆ మర్యాదే కొంప ముంచబోయింది. రెండో పేరాలో "జరిగిన స్వల్ప జాప్యానికి చింతిస్తున్నాము" అని ఉంది. వ్యాపారపు ఉత్తరంలో అది సంస్కారం. నోటీసు జవాబులో అది తప్పు ఒప్పుకున్నట్టే. సీనియర్ ఎర్ర సిరాతో ఆ వాక్యాన్ని కొట్టేసి, "సవరించిన గడువు లోపే సరుకు చేరింది" అని పైన రాశారు. మిగతా ప్రతిలో పెద్దగా మార్చలేదు.

జవాబు వెళ్లాక అవతలివాళ్లు కూర్చుని మాట్లాడుకుందామన్నారు. మాటలు నడుస్తున్నాయి.

ఇక ఫీజు. కక్షిదారు మొహమాటం లేకుండానే అడిగారు: "చదివింది కంప్యూటరే కదా మేడమ్, ఇన్ని గంటల బిల్లేమిటి?" అడగాల్సిన ప్రశ్నే. గంటల లెక్కన ఫీజు తీసుకునే వకీలు, టూల్ పుణ్యమా అని పావుగంటలో ముగిసిన పనికి పాత గంటలు రాస్తే అది మోసం. ఇందాక చెప్పిన బార్ అసోసియేషన్ అభిప్రాయం కూడా చేసిన సమయానికే ఛార్జీ వేయాలంటుంది. కానీ గంటలు తగ్గాయని విలువ తగ్గలేదు. "మొన్న అనుకున్నట్టే" అన్న మాట దగ్గర ఆగడానికి పట్టింది రెండు నిమిషాలు. దానికి గంటల లెక్కన ఏం బిల్లు వేస్తాం? చివరికి దశల వారీగా నిర్ణీత ఫీజు అనుకున్నాం. పరిశీలనకు ఇంత, జవాబుకు ఇంత, కోర్టుకు వెళితే ఇంత. మేం వేగంగా చేస్తే లాభం మాది, ఆలస్యం చేస్తే నష్టం మాది. గంటల లెక్క మీద బతికే పెద్ద ఆఫీసులకు ఈ మార్పు అంత తేలిగ్గా మింగుడు పడుతుందని నేననుకోను.

జూనియర్ల సంగతే నాకు ఇంకా తెగలేదు. వాళ్లకు జీతం ఇచ్చి చదివించుకున్న ఆ విసుగు పనే వాళ్లకు బడి. ఆ పని టూల్ చేసేస్తే, ఐదేళ్ల తర్వాత "మొన్న ఏమనుకున్నారు?" అని అడిగేవాళ్లు ఎక్కడ్నుంచి వస్తారు? మా మట్టుకు మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్త ఫైలు వస్తే, టూల్ సారాంశం తెరవకముందే జూనియర్ కట్టలో కొంత భాగం చేత్తో చదవాలి, ఏం కనిపించిందో కాకుండా ఏం కనిపించలేదో ఒక కాగితం మీద రాయాలి. దానికి కక్షిదారు నుంచి పైసా తీసుకోం, అది మా ఖర్చు. చిన్న ఆఫీసు కాబట్టి కుదురుతోంది, ఎన్నాళ్లు కుదురుతుందో చూడాలి.

కొత్త కక్షిదారుల చేత నింపించే ఫారంలో ఒక ప్రశ్న చేర్చాం: ఈ విషయం గురించి ఏదైనా ఏఐలో అడిగారా, అడిగితే ఏమని? అవునన్నవాళ్లను ఆ సంభాషణ తెరవమంటాం. ముందు అది చదివి, తర్వాత వాళ్ల కాగితాలకు వస్తాం.